సీసం లేని చేప

"మీ చేపల్లో సీసం ఉంది" అని పరీక్షల అమ్మాయి అనగానే చేపల మార్కెట్టు మొత్తం ఆమె మీద విరుచుకుపడింది.

అందులో వింతేమీ లేదు. చేపలమ్మేవాళ్లకి సీసం అంటే ఒకటే. వల అంచుకి కట్టే గుండ్లు. ఆ గుండ్లని చేప గొంతులోకి వేలితో తోసి, కాటా మీద పడేసి, బరువు పెంచి అమ్మే దొంగబుద్ధి ఈ వృత్తితోపాటే పుట్టింది. చేపలమ్మే ఆడమనిషిని నోరు గల్లదనండి, గయ్యాళి అనండి, నవ్వుతుంది. సీసం పెట్టావంటే మాత్రం కత్తి ఎత్తుతుంది. పాపం, ఆ పరీక్షల అమ్మాయికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆమె సర్కారు ల్యాబు నుంచి పోయినవారం వచ్చి, పరీక్షకని బల్లకొక చేప చొప్పున కొని, ఐసుపెట్టెలో పెట్టుకుని పోయింది. ఇప్పుడు తిరగేసిన పెట్టె ఎక్కి నిలబడి, గొంతు సవరించుకుని, చదువుకున్న భాషలో మొదలుపెట్టింది. "ఈ చెరువు చేపల్లో భారలోహాలు ఉండాల్సిన మోతాదుకి మించి ఉన్నాయి. ముఖ్యంగా సీసం. కడుపుతో ఉన్నవాళ్లు, చంటిపిల్లలు..."

"భారమంట! బరువెక్కించి అమ్ముతున్నామంటోందర్రా!" అని పక్కబల్ల పొట్టక్క కేకేసింది.

అంతే. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏం చెప్పిందో ఆమెకే తెలియాలి.

అప్పుడు లేచింది కత్తిపీటక్క. ఆ పేరు ఆమెకి ముందున్న కత్తిపీటని బట్టి వచ్చిందో, నోటిని బట్టి వచ్చిందో మార్కెట్టులో ఇప్పటికీ తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఆమె కాటా నికార్సు. పిల్లని పంపినా పెద్దదాన్ని పంపినా ఒకటే తూకం. ఆ పేరు తప్ప ఆమె సంపాదించుకున్న ఆస్తి ఇంకేమీ లేదు. ఆ ఆస్తి మీదికే ఈ ఐసుపెట్టె పిల్ల చెయ్యి వేసింది.

"ఏమ్మా, నా చేపలో సీసమా?" అంది కత్తిపీటక్క.

"మీ ఒక్కరి చేపలోనే అని కాదండీ, అందరి..."

"అందరి సంగతి అందరూ చూసుకుంటారు. నా సంగతి చెప్పు. రా. దిగి రా. నీ కళ్లముందు కోస్తా. సీసం ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

బల్ల మీంచి పెద్ద బొచ్చె చేపని లాగింది. అరచేతులకి బూడిద రాసుకుంది. పీటని కాలితో తొక్కిపెట్టి, చేపని రెండు చేతులతో పట్టి కత్తికి ఎదురుగా నెట్టింది. పొట్ట రెండుగా విచ్చుకుంది. చేదుసంచి చిట్లకుండా పేగులు బయటికి తీసి బల్ల మీద పరిచింది. గొంతులో చూపుడువేలు పెట్టి మొప్పల దాకా తిప్పి, ఆ వేలు అందరికీ ఎత్తి చూపించింది.

"ఉందా?"

"లేదు!" అంది మార్కెట్టు.

ఇంకొకటి కోసింది. జెల్లలు కోసింది. వాలుగ కోసింది. కోసిన ప్రతిదానికీ "ఉందా?" అని ఆమె అడగడం, "లేదు!" అని జనం అరవడం. కొనడానికి వచ్చినవాళ్లు కూడా సంచులు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. రోజూ చంకలో పిల్లతో వచ్చే తల్లి ఒకామె ఉంది. ఆవిడా నవ్వుతూ పిల్ల చేత చప్పట్లు కొట్టించింది.

"అలా కంటికి కనపడదండీ, అది కండలో కలిసి ఉంటుంది, ప్లీజ్, ఒక్క నిమిషం వినండి" అని పరీక్షల అమ్మాయి బతిమాలింది.

"కనపడని సీసం! మా ఆయన తేని చీర లాంటిదన్నమాట" అంది పొట్టక్క. నవ్వులు చెలరేగాయి. ఆ నవ్వుల్లోనే పొట్టక్క తన బల్ల కింద ఉన్న పేగుల బక్కెట ఎత్తి ఆ అమ్మాయి మీద కుమ్మరించింది. ఆ అమ్మాయి చున్నీతో మొహం తుడుచుకుంటూ, పెట్టె పట్టుకుని, గేటు దాటి పోయింది. కత్తిపీటక్క ఆపలేదు. ఆపకపోగా కడుపుబ్బ నవ్వింది.

మార్కెట్టు ప్రెసిడెంటు స్వయంగా వచ్చి, "పరువు నిలబెట్టావక్కా" అన్నాడు. ఆ రోజు ఆమె బల్ల ముందు జనం తోసుకున్నారు. కోసి చూపించిన చేపలే ముందు అమ్ముడుపోయాయి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కత్తిపీటక్క రచ్చ గెలిచి ఇంటికి వచ్చింది.

ఇంట్లో ఉండేది కోడలు ఒక్కతే. కొడుకు లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో లారీకే తెలియాలి. కోడలు కడుపుతో ఉంది. కుట్టుమిషను ముందు కూర్చుని కాజాలు కుట్టడం ఆమె పని. పొట్ట అడ్డం రావడంతో ఈమధ్య కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు చాచి కుడుతోంది. పొద్దున అత్తకి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి, మార్కెట్టు గేటు దగ్గర నిలబడి అంతా చూసింది. ఆ మాట అత్తతో అనలేదు.

కత్తిపీటక్క రోజూ చేసేదే ఆ రోజూ చేసింది. పెద్ద చేప తల, కాలేయం అమ్మకుండా కోడలి కోసం దాచి తెచ్చి వండింది. తలలో ఉన్న బలం కండలో లేదని ఆమె నమ్మకం. కంచంలో ముందు తల పెట్టి, పక్కన కాలేయం పెట్టి, "తిను, వేడిగా ఉంది" అంది.

కోడలు కంచాన్ని వేలితో వెనక్కి నెట్టింది.

"ఏం?"

"వద్దత్తా."

"వికారమా?"

"వికారం కాదు. ఆ అమ్మాయి కడుపుతో ఉన్నవాళ్లు తినొద్దంది. నేను విన్నా."

ఊరంతా చప్పట్లు కొట్టిన రోజున సొంత కోడలు, తను పెంచుకుంటున్న కడుపు, తన చేతికూడు వద్దంటోంది!

"నేను కోసి చూపించింది విన్లేదా? చూళ్లేదా? కళ్లు కుట్టుమిషన్లో పెట్టి వచ్చావా?"

"చూశా. బాగానే చూపించావు. అందులో గుండు లేదు."

"మరి?"

"ఈ కూరలో ఉప్పేశావా?"

"వెయ్యకుండా ఎవరైనా వండుతారా?"

"అయితే ఆ ఉప్పు తీసి చూపించు అత్తా. గరిటెతో తియ్యి. వేలు పెట్టి చూపించు."

మాట తోచకపోతే కత్తిపీటక్కకి కోపం రెట్టింపవుతుంది. "నాకే పాఠాలు చెప్తావా? నీ మొగుణ్ణి ఈ చెరువు చేపలు పెట్టే పెంచా. చచ్చాడా? నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తింటున్నా. చచ్చానా?" అంటూ కంచం తన ముందుకు లాక్కుంది. తల పగలగొట్టి, మెదడు జుర్రి, కళ్లతో సహా నమిలి, కాలేయం ఒక్క ముద్దలో మింగింది. కోడలి మొహంలోకి చూస్తూ మింగింది.

"నువ్వు తింటే తిను. నీ కడుపులో ఎవరూ లేరు" అంది కోడలు. లేచి గిన్నెలు తోమడానికి పోయింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఆ గిన్నెలు సాయంత్రం దాకా మోగుతూనే ఉన్నాయి.

మర్నాడు బేరం ఇంకా పుంజుకుంది. పొట్టక్క అరుపే మార్చేసింది. "సీసం లేని చేప! కోసి చూపిస్తాం, కొనుక్కు పొండి!" అంటోంది. కత్తిపీటక్క మొదలుపెట్టిన విద్య అన్ని బల్లలూ నేర్చుకున్నాయి. ప్రతివాళ్లూ పొట్ట చీల్చడం, గొంతులో వేలు తిప్పడం, వేలు ఎత్తి చూపించడం. కత్తిపీటక్కకి లోపల గర్వంగానే ఉంది. కోడలు రాత్రి ఒట్టి మజ్జిగ పోసుకుని తిన్నదన్న సంగతి మాత్రం పంటికింద రాయిలా తగులుతోంది.

అప్పుడొచ్చాడు సైకిలు షాపాయన, మొన్నటి చేప గురించి దెబ్బలాడటానికి.

"ఏమ్మా, నువ్విచ్చిన జెల్ల ఒకటే బురద కంపు. మా ఆవిడ మూడుసార్లు కడిగింది. ఉప్పేసి రుద్దింది. అయినా పోలేదు."

అందుకు కత్తిపీటక్క దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చేపల బల్ల ముందు కూర్చున్న రోజు నుంచీ ఆ జవాబే చెబుతోంది. "బురదలో తిరిగే చేప బురద వాసనే కొడుతుందయ్యా. చేప పైన ఉంటే కదా కడిగితే పోవడానికి? తాగిన నీళ్లు కండలోకి దిగుతాయి. నీళ్లెలాంటివో చేప..."

అక్కడ ఆగిపోయింది.

సైకిలు షాపాయన ఏదో అంటూనే ఉన్నాడు. ఆమెకి వినపడలేదు. చేతిలో ఉన్న జెల్ల పొట్ట చీల్చి ఉంది. లోపల బురద రేణువైనా లేదు. శుభ్రంగా, ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. బురద వాసన కొడుతోంది.

నిన్న కోడలడిగిన ఉప్పు ప్రశ్నకి జవాబు తన నోట్లోనే ఇన్నేళ్లుగా ఉందని అప్పుడు తెలిసింది ఆమెకి. భయమేసింది. ఎంత భయమంటే, సైకిలు షాపాయనకి డబ్బులు తిరిగిచ్చి, తిట్టకుండా పంపించేసింది. ఆయన అనుమానంగా వెనక్కి చూసుకుంటూ పోయాడు.

బల్ల మూసి, పరీక్షల అమ్మాయి కోసం బయల్దేరింది. చెరువులోకి కాలవ దిగే చోట కనపడింది. గట్టు మీద గొంతుక్కూర్చుని సీసాల్లో నీళ్లు పడుతోంది. కాలవ ఎగువన పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉంది. షెడ్డు గోడకి ఉన్న తూములోంచి బూడిదరంగు నీళ్లు కాలవలోకి జారుతున్నాయి. ఆ తూము కత్తిపీటక్క రోజూ చూసేదే.

ఆమెని చూడగానే ఆ అమ్మాయి లేచి రెండడుగులు వెనక్కి వేసింది. "బక్కెట తెచ్చారా?"

"తేలేదు."

"ఏం కావాలి మరి?"

"ఆ సీసం ఎలా ఉంటుంది?"

"నిన్న చెప్తుంటే నవ్వారు కదా."

"నవ్వా. ఇవాళ అడుగుతున్నా. చెప్పు."

ఆ అమ్మాయి చెప్పింది. ఇష్టంగా చెప్పలేదు, మొహం ముడుచుకునే చెప్పింది. షెడ్డులో బ్యాటరీలు కడిగిన నీళ్లు. ఆ నీళ్లలోంచి అడుగు బురదలోకి. బురదలోంచి చేపలోకి. మొప్పల్లో, కాలేయంలో, ఎముకల్లో ఎక్కువ. పెద్దవాళ్లకీ చేటే. కడుపులో బిడ్డకైతే, పాలుతాగే పిల్లకైతే మెదడు ఎదగాల్సినంత ఎదగకుండా చేస్తుంది.

"కాలేయంలో ఎక్కువా?" అని మళ్లీ అడిగింది కత్తిపీటక్క.

"ఎక్కువ."

"తలలో?"

"మొప్పలు తలలోనే కదండీ ఉండేది."

కత్తిపీటక్క గట్టు మీద కూలబడింది. "మా కోడలికి నెల తప్పిన దగ్గర్నుంచీ అవే పెట్టా. ఏరి ఏరి పెట్టా."

ఆ అమ్మాయి గొంతు కొంచెం తగ్గింది. "ఇక పెట్టకండి. రక్తం పరీక్ష చేయించండి. ఆపితే కొత్తగా చేరదు. డాక్టరు చెప్పినట్టు నడుచుకోండి. ఇప్పుడే భయపడి గుండె బాదుకోకండి."

"మరి నువ్వొచ్చి మార్కెట్టులో మళ్లీ చెప్పు."

"నేనా?" ఆ అమ్మాయికి మళ్లీ కోపం వచ్చింది. "నోటీసు అంటించాను, మీ ప్రెసిడెంటు చించేశాడు. అమ్మకం ఆపించాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. అది ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. నిన్న నా మాట ఇద్దరో ముగ్గురో నమ్మేవాళ్లు. మీరు కోసి చూపించాక ఒక్కళ్లు కూడా నమ్మలేదు. మీరు చెప్పండి. మీ మాట వింటారుగా."

కత్తిపీటక్క గుడ్లు, పప్పు కొనుక్కుని ఇంటికి పోయింది. వాటిని కోడలి ముందు ధన్‌మని పెట్టింది. తప్పయిందన్న మాట ఆమె నోటికి అలవాటు లేదు. "రేపు రక్తం పరీక్షకి పోదాం" అని మాత్రం అంది.

కోడలు మిషను ఆపింది. అత్త మొహం చూసింది. అంతా అర్థమైంది.

"ఇన్నాళ్లూ తిన్నది?" అని అడిగింది.

కత్తిపీటక్క గుడ్లు తీసి గిన్నెలో సర్దడం మొదలుపెట్టింది.

"మొదట్లో వికారమని వద్దంటే తిట్టి పెట్టావు. తినకపోతే నా బిడ్డకి మెదడుండదన్నావు" అంది కోడలు. ఏడవలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. ఆమె రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, అత్తకి వీపు చూపించి కూర్చుంది.

రక్తం ఇచ్చి వచ్చారు. ఫలితం రావాలి. దారి పొడుగునా కోడలు నాలుగడుగులు ముందే నడిచింది.

ఆ మర్నాడు కత్తిపీటక్క మార్కెట్టుకి వెళ్లింది గానీ చేపలు దింపుకోలేదు. ఖాళీ బల్ల ముందు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. చుట్టూ "సీసం లేని చేప!" అన్న కేకలే. తను నేర్పిన కేకలే.

చంకలో పిల్లతో ఆ తల్లి వచ్చింది. ఖాళీ బల్ల చూసి, "అదేంటక్కా, లేవా ఇవాళ?" అంటూ పొట్టక్క బల్ల మీద ఒక చేప ఎంచుకుని చేతిలోకి తీసుకుంది. "పిల్ల నీ చేపకి అలవాటు పడిపోయింది. ముద్దలో కలపకపోతే నోరు తెరవదు."

"పెట్టకు" అంది కత్తిపీటక్క.

"ఏం?"

"అది పెట్టకు పిల్లకి. సీసం ఉంది అందులో. విషం."

ఆ తల్లి నవ్వింది. "భలేదానివే. మొన్న నువ్వే కదా కోసి చూపించావు?"

"నేను చూపించింది తప్పు. అది కళ్లకి కనపడదు. నీళ్లలోంచి వస్తుంది. కాలవలో ఆ బ్యాటరీల షెడ్డు నీళ్లు..."

"ఆ ఐసుపెట్టె పిల్ల మాటే చెప్తోంది!" అని ఎవరో నవ్వారు. "తన బల్ల ఖాళీగా ఉందని పక్కబల్ల బేరం చెడగొడుతోంది" అన్నారు ఇంకెవరో. ఆ తల్లి కూడా నవ్వుతూనే చేప మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసుకుంటోంది. విషమన్న మాట ఆమెకి చీమ కుట్టినట్టయినా లేదు.

"నీ కాళ్లు పట్టుకుంటా తల్లీ! మా చేపల్లో సీసం ఉంది! నిజంగా ఉంది!" అని కత్తిపీటక్క గొంతు చించుకుని అరిచింది.

మార్కెట్టులో కత్తుల చప్పుడు ఆగిపోయింది.

"ఏంటక్కా నువ్వనేది?" అంటూ ప్రెసిడెంటు దగ్గరికొచ్చాడు. "ఉందా? అంటే మొన్న జనం ముందు కోసినవి, ముందే గుండ్లు తీసేసి కోశావా?"

అది కాదని చెప్పడానికి కత్తిపీటక్క నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆ తల్లి నవ్వడం మానేసింది. చేతిలో ఉన్న చేపని బరువు చూస్తున్నట్టు ఒకసారి పైకీ కిందికీ ఊపింది. వెనకాల ఎవరో తన సంచిలోంచి చేప తీసి, "ఇది మళ్లీ తూచండి ముందు" అన్నాడు. ఇంకొకాయన అప్పుడే కొన్న చేపని తెచ్చి బల్ల మీద పడేశాడు.

విషమంటే నవ్వినవాళ్లు, తూకంలో మోసమనగానే సంచులు తడుముకుంటున్నారు.

కత్తిపీటక్క ఆ సంచులన్నిటినీ చూసింది. తన కాటా వైపు చూసింది. ఆమెకి ఏడుపొచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని, తిట్టేటప్పుడు వాడే గొంతుతోనే అంది.

"అవును. తీసేసే కోశా. గుండ్లు పెట్టా. ఎప్పట్నుంచో పెడుతున్నా."

"అక్కా!" అంది పొట్టక్క.

"నేనొక్కదాన్నేనా? ఈ చెరువు చేప ఏ బల్ల మీదున్నా అంతే. పొట్టక్కా పెడుతుంది. అందరం పెడతాం. కోసి చూపించేవన్నీ ముందే తీసేసినవి."

పొట్టక్క కెవ్వుమంది. చేతికందిన చేపనల్లా కత్తికి నెట్టి, గొంతులో వేలు తిప్పి, "చూడండి, లేదు! చూడండి, లేదు!" అని ఏడుస్తూ చూపించింది. ఒక్కళ్లు చూడలేదు. ముందే తీసేసుంటారని గొణుక్కుంటూ జనం గేటు వైపు మళ్లారు. పొట్టక్క పీట మీంచి లేచి వచ్చి కత్తిపీటక్క జుట్టు పట్టుకుంది. పక్కబల్లల్లో కలిసి బతికిన ఇద్దరు. ఆమె కొట్టిన దెబ్బలన్నీ న్యాయమైనవే. కత్తిపీటక్క చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ప్రెసిడెంటు ఆమె కాటా పీకి బయటికి విసిరేశాడు.

విడిపించేసరికి ఆ తల్లి ఎదురుగా నిలబడి ఉంది. చేప తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"నీ కాటా నమ్మి, నా బిడ్డకి మొట్టమొదటి ముద్ద నీ చేపే పెట్టా. దొంగదానివా నువ్వు? థూ."

పిల్లని పైకి ఎగదోసుకుని, ఖాళీ సంచి ఊపుకుంటూ నడిచింది. కత్తిపీటక్కకి ఆమెని కేకేసి, నేను దొంగని కాదమ్మా అని చెప్పాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. రేగిన జుట్టు ముడేసుకుంటూ, పెదవి కొరుక్కుని, ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ ఊరుకుంది.